ఎర్ర సముద్రంలో మంట లేస్తే పసిఫిక్‌లో ఓడలెందుకు తగ్గిపోతాయి?

2025 జూన్ 23, రాత్రి పది దాటింది. మిర్యాలగూడలో మేం అన్నాలు తిని పడుకునే టైముకు దోహా నుంచి మా చిన్నమ్మ కొడుకు వీడియో కాల్ చేశాడు. అక్కడ డ్రైవరు పని వాడిది. ఫోను ఆకాశం వైపు తిప్పి "అన్నా, దీపావళి లెక్క ఉంది సూడు" అన్నాడు గానీ గొంతులో పండగ లేదు. ఇరాన్ వదిలిన మిసైళ్ళు, వాటిని కూల్చడానికి కింది నుంచి లేచిన మిసైళ్ళు. దోహాకు నైరుతి దిక్కున ఎడారిలో ఉన్న అల్ ఉదీద్ అనే అమెరికా వైమానిక స్థావరం వాటి గురి. ఆ కంగారులో వాడు అడిగిన ప్రశ్న ఇంకా గుర్తుంది: "కొట్లాట ఇరాన్‌ది, ఇజ్రాయెల్‌ది. నడిమిట్ల ఖతర్ ఏం జేసిందే అన్నా?"

ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. మర్నాడు టీ హోటల్లోనూ ఇదే ముచ్చట. అమెరికా అనుకుంటే రెండు రోజుల్లో అన్నీ ఆపేస్తదని ఒకాయన, ఇదంతా చేయిస్తున్నదే అమెరికా అని ఇంకొకాయన. ఇద్దరూ వాదించుకున్నారు గానీ ఇద్దరి నమ్మకమూ ఒకటే, పెద్ద దేశం తాను అనుకున్నదే చేస్తుందని. గత పదిహేనేళ్ళు తిరగేస్తే మాత్రం కథ వేరేలా ఉంది. బలగాన్ని ఆసియా వైపు, సూటిగా చెప్పాలంటే చైనా వైపు మళ్ళించాలని అమెరికా 2011 నుంచీ అంటూనే ఉంది, పశ్చిమాసియాలో ఏదో ఒక గొడవ దాని కొంగు పట్టుకుని వెనక్కి లాగుతూనే ఉంది. ఆ లాగుడు ఎలా పనిచేస్తుందో అర్థమైతే మా వాడి ప్రశ్నకూ కొంత జవాబు దొరుకుతుంది.

విధానం కాగితం మీద ఉంటుందా, ఓడల్లో ఉంటుందా

'విదేశీ భద్రతా విధానం' అంటే బరువైన మాటలా వినిపిస్తుంది గానీ విషయం మామూలుదే. సొంత గడ్డకు అవతల ఎవరిని కాపాడాలి, ఎవరిని అదుపులో పెట్టాలి, అందుకు ఎంత సైన్యం ఎక్కడ ఉంచాలి అన్నదే. ఇందులో మూడు పొరలున్నాయి. ఒకటి రాసుకున్నది: కొన్నేళ్ళకోసారి వాళ్ళ రక్షణ శాఖ ఒక వ్యూహపత్రం విడుదల చేస్తుంది. రెండోది మాటిచ్చింది: జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ వంటి దేశాలతో రక్షణ ఒప్పందాలు, రాతకోతలు లేకపోయినా ఇజ్రాయెల్‌కు, గల్ఫ్ రాజులకు ఇచ్చిన హామీలు. మూడోది నిజంగా నిలబెట్టింది, అంటే ఇవాళ పొద్దున ఏ ఓడ ఏ సముద్రంలో ఉంది, మిసైళ్ళు వదిలే ఏ దళం (బ్యాటరీ అంటారు) ఏ దేశపు మట్టి మీద ఉంది అన్నది.

మా సాగర్ ఎడమ కాలువ రైతుకు ఇది చిటికెలో అర్థమవుతుంది. సీజన్ మొదట్లో అధికారులు వారబందీ షెడ్యూలు ప్రకటిస్తారు, ఇన్ని రోజులు నీళ్ళు వదులుతాం, ఇన్ని రోజులు బంద్ అని. అది కాగితం. కాలువ మాత్రం నల్గొండ, ఖమ్మం దాటి కృష్ణా జిల్లా దాకా పోవాలి, పైనున్న పొలాలు ఎండుతుంటే మోటార్లు పడతాయి, తూములు తెరుచుకుంటాయి, చివరి భూములకు చేరేసరికి నీళ్ళు పాయలా మిగులుతాయి. షెడ్యూలును ఎవరూ రద్దు చేయలేదు, నీళ్ళు మాత్రం పోలేదు. అమెరికా వ్యూహపత్రానికీ అమెరికా ఓడలకూ మధ్య జరిగింది దాదాపు ఇదే. చివరి భూములు ఎవరివి అన్నదొక్కటే తేడా.

ఇంకో మాట కూడా తెలిసుండాలి, ఇంగ్లీషులో డిటరెన్స్ అంటారు. కొట్టడం కాదు, కొడతారన్న భయంతోనే ఎదుటివాణ్ణి ఆగేలా చేయడం. చేను గట్టు మీద కట్టె పట్టుకుని మనిషి కూర్చుంటే పశువులు రావు, ఆ మనిషి లేచి వేరే చేనుకు పోయాడని తెలిస్తే వస్తాయి. యుద్ధనౌకల పనిలో సగం పైన ఇట్లా కూర్చోవడమే.

అమెరికా గల్ఫ్‌లో కాలు పెట్టి పాతుకుపోయిన కథ

1979లో రెండు దెబ్బలు పడ్డాయి. ఇరాన్‌లో రాజు షా పోయి ఇస్లామిక్ విప్లవం వచ్చింది, డిసెంబరులో సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో దిగింది. 1980 జనవరిలో అధ్యక్షుడు కార్టర్, పర్షియన్ గల్ఫ్ మీద బయటి శక్తి ఏదైనా పట్టు సాధించాలని చూస్తే అది అమెరికా కీలక ప్రయోజనాల మీద దాడే అని, సైనిక బలంతో సహా దేనితోనైనా తిప్పికొడతామని ప్రకటించాడు. దాన్నే కార్టర్ సిద్ధాంతం అంటారు. ఆ మాట నిలబెట్టుకోవడానికి 1983లో సెంట్రల్ కమాండ్ అని ప్రత్యేకంగా ఒక సైనిక విభాగం పుట్టింది.

ఇరాన్, ఇరాక్ యుద్ధంలో రెండు పక్షాలూ చమురు ట్యాంకర్లను కొట్టడం మొదలుపెడితే, 1987లో కువైట్ ట్యాంకర్లకు అమెరికా జెండా కట్టి యుద్ధనౌకలు పక్కన నడిచాయి. మొదటి కాన్వాయ్‌లోనే బ్రిడ్జ్‌టన్ అనే ట్యాంకరు నీళ్ళలో పెట్టిన మందుపాతరను గుద్దుకుంది. మరుసటి ఏడాది జూలైలో విన్సెన్స్ అనే అమెరికా యుద్ధనౌక ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని యుద్ధవిమానం అనుకుని కూల్చేసింది, 290 మంది చనిపోయారు. 1991లో కువైట్ యుద్ధం, 2003లో ఇరాక్ యుద్ధం. ఒక్కో గొడవ తర్వాత సైన్యం కొంత వెనక్కి పోయింది, స్థావరాలు మిగిలాయి. బహ్రెయిన్‌లో నౌకాదళ కేంద్రం, కువైట్‌లో సైనిక శిబిరాలు, ఖతర్‌లో దాదాపు 10 వేల మంది ఉండే అల్ ఉదీద్, ఎమిరేట్స్‌లో అల్ ధఫ్రా. స్థావరమంటే బలం, నిజమే. దాన్ని కాపాడుకోవాల్సిన బాధ్యత కూడా. దోహాలో మా వాడి నెత్తి మీద మెరిసింది ఆ రెండో ముఖం.

వెళ్ళిపోదామనుకున్న ప్రతిసారీ

2011 నవంబరులో ఒబామా ఆస్ట్రేలియా పార్లమెంటులో నిలబడి ఇక మా చూపు ఆసియా, పసిఫిక్ వైపు అన్నాడు. మరుసటి ఏడాది రక్షణ మంత్రి పనెట్టా, 2020 నాటికి నౌకాదళంలో 60 శాతం పసిఫిక్‌లో ఉంటుందని సింగపూర్‌లో లెక్క చెప్పాడు. 2014 జూన్‌లో ఐసిస్ అనే ఉగ్రవాద సంస్థ ఇరాక్‌లోని మోసుల్ నగరాన్ని పట్టుకుంది, ఆగస్టుకల్లా అమెరికా విమానాలు మళ్ళీ ఇరాక్ మీద. 2018 వ్యూహపత్రం ఉగ్రవాదం కాదు, చైనా, రష్యాలతో పోటీయే మొదటి సమస్య అని రాసుకుంది. 2021 ఆగస్టులో అఫ్గానిస్తాన్ ఖాళీ చేశారు.

2023 సెప్టెంబరు 29న జాతీయ భద్రతా సలహాదారు జేక్ సలివాన్, పశ్చిమాసియా రెండు దశాబ్దాల్లో ఎన్నడూ లేనంత ప్రశాంతంగా ఉందన్నాడు. ఎనిమిది రోజులకు, అక్టోబరు 7న, హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది చనిపోయారు, గాజా మీద యుద్ధం మొదలైంది. పాపం సలివాన్ ఒక్కణ్ణే అనడానికి లేదు, అప్పుడు అందరి అంచనా అదే.

ఎర్ర సముద్రం: ఎవరూ లెక్కలో పెట్టుకోని చోటు

యెమెన్‌లో రాజధాని సనాను 2014 నుంచి చేతిలో పెట్టుకున్న హూతీలు ఇరాన్‌కు దగ్గరివాళ్ళు. గాజాకు మద్దతుగా అంటూ 2023 నవంబరు 19న హెలికాప్టర్ నుంచి గెలాక్సీ లీడర్ అనే కార్ల ఓడ మీదికి దిగి, 25 మంది సిబ్బందితో సహా పట్టుకుపోయారు. ఆ సిబ్బందికి విడుదల 2025 జనవరిలో గానీ దొరకలేదు. ఆ తర్వాత డ్రోన్లు, మిసైళ్ళు, వందకు పైగా దాడులు.

ఆ చోటును మ్యాపులో చూడాలి. ఎర్ర సముద్రానికి దక్షిణపు మూతి బాబ్ ఎల్ మాండెబ్, కన్నీళ్ళ ద్వారం అని అర్థం. ఇరుకైన చోట వెడల్పు సుమారు 30 కిలోమీటర్లు, మిర్యాలగూడ నుంచి నల్గొండ పోయేంత దూరం కూడా కాదు. సూయజ్ కాలువ మీదుగా ఆసియా, యూరప్ మధ్య నడిచే సరుకంతా దీన్ని దాటాల్సిందే, ప్రపంచ వాణిజ్యంలో 12 శాతం దాకా. అది కాదనుకుంటే ఆఫ్రికా కింది నుంచి కేప్ ఆఫ్ గుడ్ హోప్ చుట్టి పోవాలి, పది రోజుల నుంచి రెండు వారాలు ఎక్కువ.

ఓడల కంపెనీలు దారి మార్చుకున్నది మునిగిపోతామన్న భయంతో మాత్రమే కాదు, బీమా లెక్కతో. 5 కోట్ల డాలర్ల ఓడ ఉందనుకోండి, డాలరుకు 85 రూపాయల లెక్కన 425 కోట్లు. గొడవకు ముందు యుద్ధ ప్రమాద బీమా ఓడ విలువలో 0.05 శాతం దగ్గర ఉండేది, అంటే ఒక్క ట్రిప్పుకు 21 లక్షలు. గొడవ ముదిరాక అది ఒక శాతం దాకా పోయింది, 4 కోట్ల 25 లక్షలు. అంత కట్టేకన్నా డీజిల్ కాల్చుకుంటూ ఆఫ్రికా చుట్టి పోవడమే చాలామందికి నయమనిపించింది. ఒక్క ఓడనూ ముంచకుండా కూడా దారి మూసేయొచ్చని హూతీలు నేర్పిన పాఠం ఇది. దీనికి బలైంది సూయజ్ మీద బతికే ఈజిప్టు, కాలువ ఆదాయం 2024లో సగానికి పైగా పడిపోయింది.

అమెరికా ఏం చేసింది? 2023 డిసెంబరు 18న రక్షణ మంత్రి ఆస్టిన్ 'ప్రాస్పెరిటీ గార్డియన్' అని పలు దేశాల కాపలా కూటమి ప్రకటించాడు. అరబ్ దేశాల్లో బహ్రెయిన్ ఒక్కటే పేరు కలిపింది. సౌదీ, ఎమిరేట్స్ రాలేదు. గాజా బాంబుల కింద ఉండగా ఇజ్రాయెల్ తరఫున నిలబడ్డట్టు కనిపించడం వాళ్ళకు కుదరదు. 2024 జనవరి 12న బ్రిటన్‌తో కలిసి యెమెన్ మీద దాడులు మొదలయ్యాయి. యూరప్ దేశాలు ఫిబ్రవరిలో 'ఆస్పిడెస్' పేరుతో తమ ఓడలు పంపి, మేం కాపలా కాస్తాం, యెమెన్ గడ్డ మీద మాత్రం దాడి చేయం అన్నాయి. మన నౌకాదళం ఏ కూటమిలోనూ చేరకుండా అరేబియా సముద్రంలో సొంతంగా పదికి పైగా యుద్ధనౌకలు దించింది. 22 మంది భారతీయులున్న మార్లిన్ లువాండా ట్యాంకరుకు మిసైల్ తగిలి నిప్పంటుకుంటే మంటలార్పడానికి వెళ్ళింది ఐఎన్ఎస్ విశాఖపట్నం. ఒకే సముద్రం, ఒకే ప్రమాదం, మూడు రకాల విధానాలు.

పదకొండు ఉంటే పదకొండూ పనికొస్తాయా

ఇక్కడే అసలు చిక్కు. అమెరికా దగ్గర 11 విమాన వాహక నౌకలున్నాయి, ఇన్నికి తగ్గకూడదని చట్టమే ఉంది. పదకొండంటే చాలా అనిపిస్తుంది. మా దగ్గర కోతలప్పుడు ఊళ్ళో ఆరు కోత మిషన్లున్నాయని ధీమాగా ఉంటాం, తీరా చూస్తే రెండు షెడ్డులో, ఒకదానికి డ్రైవరు లేడు, పొలంలో తిరిగేవి మూడే. ఓడలదీ అదే పద్ధతి: ఒక వంతు మరమ్మతులో, ఒక వంతు శిక్షణలో, మిగిలిన వంతే బయట. మామూలు రోజుల్లో మూడు నాలుగు. వాటిలో రెండు పశ్చిమాసియాలో నిలబడితే ప్రపంచంలో మిగతా చోట్లకు ఎన్ని?

2023 అక్టోబరులో బయల్దేరిన ఐసన్‌హోవర్ నౌక ఇంటికి చేరింది 2024 జూలైలో, దాదాపు తొమ్మిది నెలలు. ఆగస్టులో ఇరాన్ ప్రతీకారం తీర్చుకుంటుందన్న అనుమానంతో అబ్రహాం లింకన్‌ను పసిఫిక్ నుంచి పిలిపించారు. కొన్ని వారాల పాటు పశ్చిమ పసిఫిక్‌లో అమెరికా విమాన వాహక నౌక ఒక్కటీ లేదు. 2025 మార్చిలో కార్ల్ విన్సన్‌ను అటు నుంచే లాగారు. జూన్‌లో వియత్నాం రేవు దా నాంగ్‌లో ఆగాల్సిన నిమిట్జ్ ఆ కార్యక్రమం మానుకుని దక్షిణ చైనా సముద్రం వదిలి పడమరకు తిరిగింది. వ్యూహపత్రాలు మాత్రం ఆ రోజుల్లోనూ చైనాయే ముఖ్యమని చెబుతూనే ఉన్నాయి.

మిసైళ్ళది ఇంకో లెక్క. హూతీ డ్రోన్ ఖరీదు కాస్త ఎక్కువే వేసి 20 వేల డాలర్లు అనుకుందాం, 17 లక్షల రూపాయలు. దాన్ని కూల్చే ఎస్ఎం-2 మిసైల్ ఖరీదు సుమారు 21 లక్షల డాలర్లు, దాదాపు 18 కోట్లు. వంద రెట్లు పైన. ఈ పోలిక చూపించి అమెరికా మోసపోయింది అనేవాళ్ళున్నారు, నేనూ మొదట అలాగే అనుకున్నాను. అయితే కూల్చే మిసైల్‌ను డ్రోన్ ధరతో కాదు, అది కాపాడిన దానితో కొలవాలని నౌకాదళం వాళ్ళంటారు: డిస్ట్రాయర్ అనే రకం యుద్ధనౌక ఒక్కటే 200 కోట్ల డాలర్లు, అంటే 17 వేల కోట్ల రూపాయలు, పైగా అందులో మూడొందల మంది మనుషులు. 2024 జనవరి ఆఖర్లో గ్రేవ్లీ అనే ఓడ దగ్గరికి ఒక మిసైల్ మైలు దూరం దాకా వచ్చేసింది, చివరి నిమిషంలో తుపాకీతో కూల్చారు. ఆ క్షణంలో ధర ఎవరు చూస్తారు?

అసలు సమస్య డబ్బు కూడా కాదు, సంఖ్య. డిస్ట్రాయర్‌లో మిసైల్ గొట్టాలు 90 నుంచి 96, అవి ఖాళీ అయితే నడిసముద్రంలో నింపుకోలేదు, రేవుకు పోవాలి. వీపు మీద స్ప్రేయర్‌తో పత్తిలో మందు కొట్టేవాడు ట్యాంకు అయిపోతే గట్టుకు రావాల్సిందే కదా, అలాగన్నమాట. పైగా కొన్ని రకాలు ఏడాదికి తయారయ్యేదే వందల్లో. వచ్చే మిసైళ్ళను గాల్లోనే కూల్చే పేట్రియట్ వ్యవస్థకు వాడే కొత్త రకం మిసైళ్ళు, పీఏసీ-3లు, 2024లో తయారైంది 500. ఇరాన్ ఒక్క రాత్రిలో, 2024 ఏప్రిల్ 13న, ఇజ్రాయెల్ మీదికి వదిలింది 300కు పైగా డ్రోన్లు, మిసైళ్ళు.

చివరి భూముల వాళ్ళు ఏమంటున్నారు

దక్షిణ కొరియా: 2025 వసంతంలో అక్కడి పేట్రియట్ బలగంలో కొంత పశ్చిమాసియాకు తరలించారు. ఒక్క బెటాలియన్ మోయడానికి సి-17 రవాణా విమానాలు 73 ట్రిప్పులు వేయాల్సి వచ్చిందని పసిఫిక్ కమాండ్ అధిపతి అడ్మిరల్ పపారో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) ముందు చెప్పాడు. అంటే తీసుకెళ్ళడమే అంత పని, తైవాన్ దగ్గర ఏదైనా జరిగితే వెనక్కి తేవడం ఇంకెంత అన్నది అక్కడివాళ్ళ టెన్షన్.

యుక్రెయిన్: తమకు రావాల్సిన 20 వేల డ్రోన్ నిరోధక మిసైళ్ళను పశ్చిమాసియాకు మళ్ళించారని జెలెన్‌స్కీ 2025 జూన్‌లో వాపోయాడు.

ఫిలిప్పీన్స్ సంగతి మాకు కాస్త దగ్గరది. 2025 మార్చి ఆఖర్లో తెలంగాణ నుంచి 12,500 టన్నుల 1010 రకం బియ్యం కాకినాడ రేవులో ఓడెక్కి ఫిలిప్పీన్స్‌కు పోయింది. ఎర్ర సముద్రంతో సంబంధం లేని తూర్పు దారి, అనుకుంటాం. కానీ ఆ దేశానికి అమెరికాతో 1951 నుంచి రక్షణ ఒప్పందం ఉంది, దక్షిణ చైనా సముద్రంలో చైనా కోస్ట్ గార్డుతో రోజూ పేచీ ఉంది. 2024 జూన్‌లో సెకండ్ థామస్ దిబ్బ దగ్గర తోపులాటలో ఒక ఫిలిప్పీన్స్ నావికుడి బొటనవేలు తెగింది. కట్టె పట్టుకుని గట్టు మీద కూర్చోవాల్సిన మనిషి పశ్చిమాసియాకు పోయాడా అన్నది వాళ్ళ రోజువారీ ప్రశ్న. దీనికి ఎదురు వాదన కూడా ఉంది: జపాన్‌లో, పసిఫిక్‌లోని అమెరికా దీవి గువామ్‌లో విమానాలు, సబ్‌మెరైన్లు ఎటూ పోలేదు, ఒక పెద్ద ఓడ కదిలినంత మాత్రాన చైనా దూకేయదు, ఆ వారాల్లో దూకలేదు కూడా. అందులో నిజముంది. గట్టు మీద మనిషి లేడని తెలిసినా పక్కచేనులో కుక్క ఉందని పశువులకు తెలుసు.

మరి చమురు కోసమేనా ఇదంతా

టీ హోటల్లో గట్టిగా వినబడే మాట ఇదే. 1980లో దాదాపు నిజం. ఇప్పుడు సగమే. పర్షియన్ గల్ఫ్ నుంచి ఓడలు బయటికొచ్చే హర్ముజ్ జలసంధి గుండా 2024లో రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్ళు పోయాయి, ప్రపంచ వాడకంలో ఐదో వంతు. దాంట్లో ముడిచమురు 80 శాతానికి పైగా పోయేది ఆసియాకు: చైనా, భారత్, జపాన్, కొరియా. అమెరికా తీసుకునేది చాలా కొంచెం, అదే ఇప్పుడు పెట్రోలు సరుకు ఎగుమతి చేసే దేశం.

అంటే చైనా చమురుకు అమెరికా కాపలా కాస్తోందా అని అడిగితే, ఒకరకంగా అవును. ఈ వెక్కిరింపు వాషింగ్టన్‌లోనూ ఉంది. కాకపోతే చమురు ధర ప్రపంచమంతా ఒకటే, హర్ముజ్ మూసుకుంటే టెక్సాస్ బంకులోనూ రేటు పెరుగుతుంది. దానికి తోడు ఇజ్రాయెల్‌తో బంధం, గల్ఫ్ దేశాలకు అమ్మే ఆయుధాలు, ఇరాన్ అణుకార్యక్రమం. చమురు ఒక్కటే అనడం ఎంత తప్పో, చమురు కాదనడమూ అంతే తప్పు.

వాషింగ్టన్ లోపలి తగువు

ఒక వర్గం, మనకెందుకీ తలనొప్పి అంటుంది. 2025 మార్చిలో యెమెన్ దాడులకు ముందు మంత్రులు, అధికారులు మాట్లాడుకున్న చాట్ గ్రూపులో పొరపాటున ఒక పత్రికా సంపాదకుణ్ణి కలిపేయడంతో గుట్టంతా బయటపడింది. అందులో ఉపాధ్యక్షుడు వాన్స్ (మన తెలుగింటి అల్లుడే) సూయజ్ మీదుగా నడిచేది అమెరికా వాణిజ్యంలో 3 శాతం, యూరప్‌ది 40 శాతం, మనమెందుకు కొట్టాలి అన్న ధోరణిలో రాశాడు.

రెండో వర్గం, సముద్రాలు అందరికీ తెరిచి ఉంచే దేశంగానే మనకు పరువు, ఒక చిన్న సాయుధ ముఠాకు తలవంచితే రేపు హర్ముజ్‌లో ఇరాన్, ఎల్లుండి తైవాన్ దగ్గర చైనా అదే చేస్తాయి అంటుంది. మూడో వర్గం పూర్తిగా వెళ్ళిపోమనదు, మిసైళ్ళు పరిమితం కాబట్టి చైనా కోసం దాచుకుందాం అంటుంది. రక్షణ శాఖలో విధాన బాధ్యతలు చూస్తున్న ఎల్‌బ్రిడ్జ్ కోల్బీ చాలాకాలంగా చెప్పే మాట ఇదే. ఇక వీటికి బయట, పశ్చిమాసియాలో బలంగా వినిపించే నాలుగో మాట ఉంది: గాజాలో యుద్ధం ఆపండి, హూతీలు ఆపుతారు. 2025 జనవరి కాల్పుల విరమణ నడిచిన వారాల్లో ఓడల మీద దాడులు నిజంగానే ఆగాయి. కానీ ఇజ్రాయెల్‌తో ఏ సంబంధం లేని ఓడలనూ హూతీలు కొట్టారు, ఈ బెదిరింపు ఒకసారి పనిచేశాక మళ్ళీ వాడరన్న హామీ ఎవరిస్తారు అన్నది దానికి జవాబు.

నాకైతే మూడో వర్గం లెక్క కాగితం మీద బాగా కుదురుతుంది. కుర్చీలో కూర్చున్నాక ఎవరికీ కుదరలేదన్నది చరిత్ర. జోర్డాన్‌లో టవర్ 22 అనే చిన్న శిబిరం మీద 2024 జనవరి 28న డ్రోన్ పడి ముగ్గురు అమెరికా సైనికులు చనిపోతే, వారం తిరక్కుండా ఇరాక్, సిరియాల్లో 85కు పైగా లక్ష్యాల మీద బాంబులు పడ్డాయి. మనుషులు అక్కడ ఉన్నంతకాలం, వాళ్ళ మీద దాడి జరిగితే ఏ అధ్యక్షుడూ వ్యూహపత్రం తెరిచి చూడడు.

మా వైపు డీఏపీ బస్తా దాకా

ఎర్ర సముద్రంలో 2024 ఫిబ్రవరిలో దెబ్బతిని మార్చి 2న మునిగిన మొదటి ఓడ రూబీమార్. దాంట్లో ఉన్నది ఆయుధాలు కాదు, సుమారు 21 వేల టన్నుల ఎరువు. ఆ దారి ఎరువుల దారి కూడా. మొరాకో, జోర్డాన్ వంటి చోట్ల నుంచి మనకు వచ్చే ఫాస్ఫేట్ సరుకుకు అదే దగ్గరి దారి. ఓడలు ఆఫ్రికా చుట్టి రావడం, చైనా ఎగుమతులు బిగించడం, అంతర్జాతీయ ధరలు అన్నీ కలిసి డీఏపీ ఖర్చు పెరిగింది. బస్తా 1,350 రూపాయలు దాటకుండా కేంద్రం 2024 ఏప్రిల్ నుంచి టన్నుకు 3,500 రూపాయలు అదనపు సబ్సిడీ ఇచ్చింది. టన్నుకు 20 బస్తాలు, బస్తాకు 175. మా రైతు చేతి నుంచి పోలేదు గానీ ఖజానా నుంచి పోయింది.

గల్ఫ్ పనులకు పోయేవాళ్ళు కరీంనగర్, నిజామాబాద్ వైపు ఎక్కువ, మా నల్గొండ, పాలమూరు నుంచి తక్కువే. పాలమూరు మనిషి ఎక్కువగా ముంబై, పుణె బస్సెక్కుతాడు. అయినా జూన్‌లో ఆ రాత్రి ఖతర్ ఆకాశం మూసేస్తే ఇక్కడ ఎన్ని ఇళ్ళల్లో నిద్ర లేదో మాకు తెలుసు.

2025 మే 6: మాట మారిన రోజు

ట్రంప్ వచ్చాక 2025 మార్చి 15న 'రఫ్ రైడర్' పేరుతో యెమెన్ మీద పెద్ద దాడి మొదలైంది. ఏడున్నర వారాలు, వందల కోట్ల డాలర్ల లెక్క, అరడజనుకు పైగా రీపర్ డ్రోన్ల నష్టం, ట్రూమన్ అనే విమాన వాహక నౌక మీద నుంచి సముద్రంలో పడిపోయిన రెండు ఎఫ్-18 విమానాలు. అవి శత్రువు కూల్చినవి కావు, ఒకటి ఓడ గబుక్కున మలుపు తిరిగినప్పుడు జారింది, ఇంకోటి దిగేటప్పుడు ఆపే తీగ పట్టక పోయింది. ఆ రెండోది పడిన రోజే, మే 6న, ఒమాన్ మధ్యవర్తిత్వంతో ఒప్పందం ప్రకటించారు. అమెరికా బాంబులు ఆపుతుంది, హూతీలు అమెరికా ఓడలను కొట్టరు.

ఒప్పందంలో ఉన్నది అమెరికా ఓడలు. ఇజ్రాయెల్ ఊసు లేదు, మిగతా దేశాల ఓడల ఊసూ లేదు. 1987లో కువైట్ ట్యాంకరుకు కూడా తన జెండా కట్టి కాపాడిన దేశం, 2025కు వచ్చేసరికి నా జెండా ఉన్నదాన్ని వదిలెయ్ చాలు అనే దగ్గర ఆగింది. దీన్ని తెలివైన పొదుపు అనేవాళ్ళూ ఉన్నారు, చేతులెత్తేయడం అనేవాళ్ళూ ఉన్నారు. ఏ పేరు పెట్టినా, ఏ వ్యూహపత్రంలోనూ రాయని మార్పును యెమెన్ కొండల్లోని ఒక ముఠాతో జరిగిన గొడవ తెచ్చింది.

రెండు నెలలకు, జూలైలో, హూతీలు ఒకే వారంలో రెండు ఓడలను ముంచారు, మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సి. రెండోదానికి లైబీరియా జెండా, నడిపేది గ్రీకు కంపెనీ, సిబ్బందిలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్ వాళ్ళు. ఓడలో ఉన్న 25 మందిలో నీళ్ళలోంచి బతికి బయటపడ్డవాళ్ళు పది మంది, వాళ్ళలో ఒక భారతీయుడు. వెతికి తీసింది కంపెనీలు పెట్టుకున్న ప్రైవేటు పడవలు. దగ్గర్లో ఏ దేశపు యుద్ధనౌకా లేదు.